తడిగుడ్డ కింద ఐదు గంటలు

ఎంట్రీ 14. అమావాస్య దాటి మూడో రోజు. ఫార్మలిన్ రెండు క్యాన్లు. గాజు పలకలు చాలినన్ని.

ఈ పుస్తకంలో రసాయనాల నిల్వ తప్ప వేరే ఏమీ రాయకూడదని మొదటి పేజీలోనే అచ్చువేసి ఉంది. అచ్చు వేసినవాళ్ళు వచ్చి నా బదులు ముక్కలు కోస్తారా? కోయరు. అందుకని రాస్తాను.

నా పేరు నూకరత్నం. సముద్రం మీద తేలే మా తెప్ప ఊళ్ళలో ఏడో తెప్ప ఆసుపత్రి లేబులో పని. ఒంట్లోంచి తీసిన గడ్డని చెడకుండా ఫార్మలిన్ మందులో ముంచి, మైనంలో పోసి, ఉల్లిపొర కన్నా పల్చగా కోసి, రంగు వేసి, గాజు పలక మీద అతికించి మునసబుకి అందిస్తాను. మునసబు మనిషి కాదు. పలక చూసి క్యాన్సర్ గ్రేడు చెప్పే యంత్రం. అసలు పేరు పొడుగ్గా ఏదో ఉంది గానీ, దాని మాటకి తిరుగులేదు కాబట్టి తెప్ప మీద అందరూ మునసబనే అంటారు. నేను ఈ పనిలో చేరి ఎనిమిది నెలలైంది. అంతకు ముందు ఉప్పు గీకేదాన్ని.

ఇవాళ మా తోటికోడలు దేముడమ్మ పలక వంతు. రొమ్ములో గడ్డ. పోయిన వారం డాక్టర్ సుహాసిని గారు ఆపరేషన్ చేసి తీశారు. మునసబు రెండో గ్రేడు అంది. దేముడమ్మ బయట వరుసలో కూర్చున్న వాళ్ళందరికీ తాటిబెల్లం పంచింది. మూడు కాదని తెలిస్తే బెల్లం పంచడం మా తెప్ప ఆచారం. మూడంటే కీమో, జుట్టు ఊడడం, నాలుగు నెలలు మందు పడవ చుట్టూ తిరగడం. రెండైతే, మిగతావన్నీ బాగుంటే, కిరణాలు పెట్టించుకుని మాత్రలు మింగుతూ ఇంట్లో ఉండొచ్చు.

"రెండేనంటక్కా! బతికిపోనాను. తిను, మొహం అలగెట్టుకోకు," అని నా నోట్లో ముక్క కుక్కింది.

తిన్నాను. తర్వాత పలక వెనక చీటీ చదివాను. మునసబు మూడు సంగతులకి మార్కులు వేస్తుంది. కణాలు పాలగొట్టాల ఆకారాన్ని ఎంతవరకు నిలుపుకున్నాయన్నది ఒకటి. వాటి కేంద్రకాలు ఎంత వికారంగా మారాయన్నది రెండు. పది చోట్ల వెతికితే ఎన్ని కణాలు రెండుగా విడిపోతూ దొరికాయన్నది మూడు. ఒక్కోదానికి ఒకటి నుంచి మూడు మార్కులు. ఎక్కువ వస్తే సంబరపడే పరీక్ష కాదిది. మొత్తం ఐదు దాటకపోతే ఒకటో గ్రేడు, ఆరేడు వస్తే రెండు, ఎనిమిది తొమ్మిది వస్తే మూడు.

దేముడమ్మకి మూడు, మూడు, ఒకటి. మొత్తం ఏడు.

ఆకారం పూర్తిగా చెడింది. కేంద్రకాలు చూస్తే దడుపు పుట్టేలా ఉన్నాయి. అలాంటి కణాలు పిల్లల్ని పెట్టకుండా చేతులు కట్టుకుని కూర్చున్నాయా? నాకు నమ్మబుద్ధి కాలేదు.

ఎంట్రీ 15. మర్నాడు.

ఆపరేషన్‌కి ముందు సూదితో ఒక సన్న పోగు తీసి పరీక్ష చేస్తారు. క్యాన్సర్ ఔనో కాదో తేలాక ఆ పోగుని ఎవరూ పట్టించుకోరు. దేముడమ్మ పోగు బీరువాలో దొరికింది. పలక తయారుచేసి మునసబుకి ఇస్తే, "ఈ పేరుకి గ్రేడు ఇచ్చాను" అని వెనక్కి తోసేసింది. ఒళ్ళు మండిపోయింది. పాత లేబు మాష్టారు వదిలిపోయిన మైక్రోస్కోపు దులిపి నేనే కూర్చున్నాను.

విడిపోతున్న కణం ఎలా ఉంటుందో సుహాసిని గారు చూపించారు. రెండు పాయలుగా తీసిన జుట్టులా, మధ్యలో పాపిడితో ఉంటుంది. ఒకసారి చూస్తే మరిచిపోలేం. పోగులో పది చోట్ల పంతొమ్మిది లెక్కపెట్టాను. ఆవిడా లెక్కపెట్టారు. ఆవిడకీ పంతొమ్మిదే. తర్వాత ఆపరేషన్‌లో తీసిన పెద్ద ముక్క పలక పెట్టాను. పది చోట్లా కలిపి నాలుగు.

అదే మనిషి, అదే గడ్డ. పోగు లెక్కన మూడో దానికీ మూడు మార్కులు పడాలి. మొత్తం తొమ్మిది. మూడో గ్రేడు.

"ముక్క ఎప్పుడు ఫార్మలిన్‌లో పడిందో చూడు," అన్నారు సుహాసిని గారు. చెప్పేటప్పుడు నా మొహం చూడలేదు.

ఎంట్రీ 16. అదే రోజు, మధ్యాహ్నం భోజనం మానేసి.

చూశాను. ముక్క బయటికి వచ్చింది ఉదయం పదీ నలభైకి. ఫార్మలిన్‌లో పడింది మూడూ యాభైకి. మధ్యలో ఐదు గంటల పైన అది స్టీలు పళ్ళెంలో, తడిగుడ్డ కింద ఉంది. దేనికోసం? మా మరిది సన్యాసయ్య కోసం. నాచు కోతకి వెళ్ళినవాడు పోటు వస్తే గానీ పడవ తిప్పలేడు. వచ్చి చూసి వేలిముద్ర వేస్తే గానీ ముక్కని ముంచకూడదు. రూలు.

పళ్ళెం కాపలా చూసే రాములప్పడిని అడిగాను. వాడి గొంతులో గర్వం.

"ఎండ తగల్నిచ్చేనేటి? గుడ్డ ఆరిపోతే మళ్ళీ తడిపేను. మూడుసార్లు తడిపేనమ్మా!"

తడిగుడ్డ కప్పితే అది కొత్తిమీర కట్టా తాజాగా ఉండడానికి? ఒంట్లోంచి తెగిన ముక్క మందులో పడేదాకా లోపల్లోపల చెడుతూనే ఉంటుంది. విడిపోవడం మొదలెట్టిన కణాలు ఆ జాప్యంలో ఆనవాలు లేకుండా అణిగిపోతాయి. మునసబు దేన్ని లెక్కపెట్టాలో అదే మాయమవుతుంది. మునసబు అబద్ధమాడలేదు, కనబడింది చెప్పింది.

ఇంతవరకు రాయడం తేలికే. ఇప్పుడు రాయాల్సింది రాయడానికి చెయ్యి రావడం లేదు.

ఆ రూలు తెచ్చింది నేను.

మూడేళ్ళ కిందట మా అమ్మకి గడ్డ తీసి, సీసాలో ఏదో చూపించి పంపేశారు. అదే సీసాని పక్కింటి ఆవిడకీ చూపించారు. ఇద్దరి రిపోర్టులూ కలిసిపోయి మా అమ్మకి అక్కర్లేని ఆపరేషన్ రెండోసారి చేశారు. నేను ఊరుకునే రకమా? ఉప్పు పార పక్కన పెట్టి తెప్ప తెప్పకీ తిరిగాను. "తీసిన ముక్కని మందులో ముంచకముందు, పచ్చిగా, ఇంటి పెద్దకి చూపించాలి. చూసిన మనిషి వేలిముద్ర వెయ్యాలి." కాగితం నా దస్తూరీ, మొదటి వేలిముద్ర నాది. సభలో సుహాసిని గారు లేచి, ఆలస్యమైతే పరీక్ష చెడిపోతుందమ్మా అని చెప్పబోయారు. "దొంగకి తాళం నచ్చుద్దేటి?" అని అరిచింది ఎవరనుకున్నారు? నేనే. జనం చప్పట్లు కొట్టారు. ఆవిడ కూర్చున్నారు.

ఇవాళ అడిగాను, మూడేళ్ళూ ఎందుకు ఊరుకున్నారని. కోపంగానే అడిగాను, సిగ్గు లేకుండా.

"ఊరుకోలేదు నూకరత్నం. ఆర్నెల్లకోసారి రాశాను. రాసిన ప్రతిసారీ నీ సంతకాల కాగితం చూపించి నా కాగితం పక్కన పడేశారు."

ఎంట్రీ 18. పున్నమికి తొమ్మిది రోజులు.

కీమో ఇచ్చేది మందు పడవ మీదే, అది పున్నమి పోటుకి బయలుదేరుతుంది. ఆ లోపల పేరు ఎక్కకపోతే కొత్తవాళ్ళని మళ్ళీ మూడు నెలలకి గానీ ఎక్కించుకోరు. ఆపరేషన్ అయిన మనిషి అంతకాలం ఆగకూడదు.

గ్రేడు ఒక్కటే చూసి కీమో ఇవ్వరు, అది నాకూ తెలుసు. గడ్డ సైజు, చంకలో గ్రంథులకి పాకిందా, హార్మోను మాత్రలకి లొంగే రకమా, వయసెంత, అన్నీ చూస్తారు. దేముడమ్మ గడ్డ రెండు సెంటీమీటర్లకి కాస్త తక్కువ. గ్రంథులు శుభ్రం. హార్మోను రకమే. వయసు నలభై నాలుగు. "ఇవన్నీ అటూ ఇటూ కాకుండా గట్టు మీద ఉన్నాయి. ఇలాంటప్పుడు తక్కెడని ఒక పక్కకి దించేది గ్రేడే. మూడో గ్రేడని తెలిస్తే నేను కీమో తప్పకుండా చెప్తాను," అన్నారు సుహాసిని గారు. జీన్ పరీక్ష చేసి చూద్దామంటే దానికి వాడే రసాయనాలు తీరం నుంచి రావడం మానేసి రెండేళ్ళైంది.

ఇద్దరం మందుల కమిటీ ఆఫీసరు సత్యకుమార్ గారి దగ్గరికి వెళ్ళాం. ఆయన గది గోడ మీద పెద్ద బోర్డు. "మన తెప్పలో మూడో గ్రేడు కేసులు సగానికి తగ్గాయి." పక్కనే తీరం వాళ్ళు పంపిన ప్రశంసాపత్రం, పటం కట్టించి.

"చూడమ్మా, గ్రేడు ఒకసారే ఇస్తాం. పెద్ద ముక్కకే విలువ. సూది పోగు పట్టుకొచ్చి ఇప్పుడు మార్చమంటే, రేపు ఇంకొకరు వస్తారు," అన్నారాయన.

"రానివ్వండి. రావాలనే కదా!"

"చూపించే రూలు మీరు కోరుకున్నదే. ప్రజల కోరిక మీద పెట్టాం. దాని వల్ల క్యాన్సర్ కూడా నెమ్మదించింది."

క్యాన్సర్ నెమ్మదించిందట! జ్వరం చూసే గొట్టాన్ని చన్నీళ్ళలో ముంచి, పిల్లాడికి జ్వరం తగ్గిందన్నట్టుంది ఈ పెద్దమనిషి వరస. ఆ మాట మొహాన్నే అనేశాను. లేబులో మందుల లెక్క చూసుకోమని, మిగతావి నా పని కాదని చెప్పి పంపేశారు.

ఎంట్రీ 19.

దేముడమ్మకి చెప్పాను. నాచు ఆరబెట్టే దండేల మధ్య నిలబెట్టి, రూలు కథతో సహా అంతా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. చేతిలోని నాచు దండెం మీద వేసి, ముడతలు సరిచేసి, అప్పుడు మాట్లాడింది.

"అయితే నేను పంచిన బెల్లం ఉత్తిదేనన్నమాట."

"ఉత్తిదే."

"కీమో అంటే నాకు బయ్యం అక్కా. జుట్టు కాదు. వాంతులు. పడవలో సముద్రం మీద వాంతులు." ఇంకో నాచు కట్ట అందుకుంది. "సరే. నా పేరు ఎక్కించు. ఎక్కించకపోతే నిన్ను ఈ దండేనికే ఆరేత్తాను."

ఇంటికొచ్చి ఏడ్చాను. ఎవరి మీద కోపంతో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు.

ఎంట్రీ 20, 21, 22. పున్నమికి ఆరు రోజులు. ఫార్మలిన్ చూసుకోలేదు.

మూడేళ్ళలో రెండో గ్రేడు అని పంపిన వాళ్ళందరి పేర్లూ తీశాను. సూది పోగులు ఇరవై ఏడు దొరికాయి. రోజూ పగలంతా కూర్చుని లెక్కపెట్టాను. సాయంత్రం సుహాసిని గారు మళ్ళీ లెక్కపెట్టారు. పంతొమ్మిది రెండుగానే నిలిచాయి. ఎనిమిది మూడుకి మారాయి. ఆ ఎనిమిదిలో దేముడమ్మ ఒకతి. మరో ఆరుగురు బతికి ఉన్నారు. వాళ్ళని ఇప్పుడు పిలిచి మళ్ళీ పరీక్షించాలి.

ఎనిమిదో పేరు సూరీడమ్మ. నాతో ఉప్పు గీకిన మనిషి. పోయిన వానాకాలంలో ఎముకలకి పాకి పోయింది. ఆమెకి రెండో గ్రేడన్న రోజు ఆమె చేతి బెల్లం నేను తిన్నాను. "రెండే కదే, సంబరం చేసుకో," అని వీపు మీద చరిచాను కూడా.

"కీమో ఇచ్చినా ఏమయ్యేదో చెప్పలేం," అన్నారు సుహాసిని గారు, నన్ను ఓదార్చడానికి. చెప్పలేకపోవడం వేరు, ఇవ్వకపోవడం వేరు. సూరీడమ్మకి ఆ అవకాశమే ఇవ్వలేదు. ఒక పళ్ళెం, ఒక తడిగుడ్డ, నా కాగితం, గోడ మీద ఆ బోర్డు. నలుగురం కలిసి చేశాం.

ఎంట్రీ 24. పున్నమికి మూడు రోజులు.

సభ పిలిపించాను. పిలిచే హక్కు ఎవరికైనా ఉంది, నూరు వేలిముద్రలు తెస్తే చాలు. వేలిముద్రలు తేవడం నాకు వచ్చిన విద్యే కదా.

చెక్క బల్లల దారి మీద పగటి ఎండలో జనం కిక్కిరిసి నిలబడ్డారు. ఉన్నదున్నట్టు చెప్పాను. ముక్క మందులో పడడం ఆలస్యమైతే ఏమవుతుందో, గ్రేడు ఎలా పడిపోతుందో, ఎవరికి కీమో అందలేదో. సూరీడమ్మ పేరు చెప్పేసరికి ఆమె చెల్లెలు లేచింది.

"ఆయేల కాగితం అట్టుకుని మా గుమ్మంలోకొచ్చింది నువ్వు కాదేటి?"

"నేనే."

"డాట్రమ్మని దొంగన్నాది నువ్వు కాదేటి?"

"నేనే. ఆవిడ నిజం చెప్పింది. నా నోరు పెద్దది కాబట్టి నేను గెలిచాను." సుహాసిని గారి వైపు తిరిగి, అందరి ముందూ చేతులు జోడించాను. "తప్పైపోయిందమ్మా."

గోల లేచింది. రూలు తీసేస్తే మళ్ళీ సీసాలు మారుస్తారని సగం మంది, తియ్యకపోతే మనుషులు పోతారని సగం మంది. సత్యకుమార్ గారు ఇదే అదనుగా లేచి, ప్రజల్లో ఏకాభిప్రాయం లేదు కాబట్టి యథాతథంగా ఉంచుదామన్నారు. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు.  పాతదీ కొత్తదీ, నా రెండు కాగితాలూ ఒకదాన్నొకటి తినేస్తున్నాయి.

అప్పుడు దేముడమ్మ ముందుకొచ్చింది. కుట్లు ఇంకా మానలేదు, ఒక చెయ్యి పక్కకి ఆనించుకుని నడిచింది.

"నాకో డౌటు. కోసింది నా రొమ్ము. దాన్ని సూడ్డానికి నా మొగుడే రావాలని ఎవులు రాసేరు?"

 రాసింది నేనే. 'ఇంటి పెద్ద' అని, నా దస్తూరీలో. ఆ మాట ఎందుకు రాశానో ఇప్పటికీ తెలియదు. కాగితాల్లో అలాగే రాస్తారు కాబట్టి రాశాను.

"ఆడు సముద్రం మీదున్నాడు. మా అక్క పక్క గదిలో కూకుని ఉన్నాది. గుమ్మంలో పదిమంది ఆడోళ్ళు ఊసులాడుకుంటన్నారు. అందులో ఒకతి లోపలికొచ్చి నిలబడి, ఇది దేముడమ్మదే అని సూసి, ఆ మందులో ముంచీదాకా ఉండి ముద్రేత్తే సరిపోదేటి? దొంగతనం అవదు, ఆలీసం అవదు. ఏటి, నేను తప్పు సెప్పేనా?"

సన్యాసయ్య జనంలోనే ఉన్నాడు. తల వంచుకుని, "తప్పు కాదు. నాకూ ఆ పళ్ళెం సూడాలని నేదు. సూడనేక ముద్రేసి పోనాను," అన్నాడు.

సూరీడమ్మ చెల్లెలు మొదట చెయ్యెత్తింది. ఆమె ఎత్తాక ఎత్తనివాళ్ళు ఎంతమందో లెక్కపెట్టక్కర్లేకపోయింది.

ఎంట్రీ 25. పున్నమికి రెండు రోజులు.

పోగులకీ మళ్ళీ గ్రేడు ఇవ్వాలని కూడా సభ తేల్చింది కాబట్టి మునసబుకి దేముడమ్మ పోగు పెట్టక తప్పలేదు. సత్యకుమార్ గారు పక్కనే నిలబడి ఉన్నారు. మూడు, మూడు, మూడు. మొత్తం తొమ్మిది. మూడో గ్రేడు. మునసబు సంకోచించలేదు, నొచ్చుకోలేదు. ఆరు క్షణాల్లో చీటీ కక్కేసింది. ఇన్నాళ్ళూ దీని కాళ్ళకా మనం మొక్కింది!

పడవ జాబితాలో దేముడమ్మ పేరు ఎక్కింది. మిగిలిన ఆరుగురికీ కబురు పంపాం.

ఎంట్రీ 71. నాలుగు నెలల తర్వాత. ఫార్మలిన్ ఒక క్యాను.

సత్యకుమార్ గారి గోడ మీద కొత్త బోర్డు. "మూడో గ్రేడు కేసులు పెరిగాయి. కారణం: లేబు సిబ్బంది జోక్యం." పెరగలేదయ్యా, కనబడ్డాయి. అక్కడే నిలబడి నాలుగు మాటలు అనేసి వచ్చాను. ఈ పుస్తకంలో అదనపు రాతలున్న పేజీలు చింపి పంపమని తాఖీదు వచ్చింది. చింపను. వాళ్ళే వచ్చి చింపుకోవాలి.

ఇవాళ కొత్త ఆపరేషన్. పేషెంటు మంగతాయి, రెండో తెప్ప నుంచి వచ్చింది. భర్త ఉప్పు పడవ మీద ఉన్నాడు. సాక్షుల వరుసలో ముందున్న మనిషి చేతులు కడుక్కుని, గౌను తొడుక్కుని లోపలికి వెళ్ళింది. నెత్తికి పచ్చ గుడ్డ, కనుబొమలు ఇంకా పూర్తిగా రాలేదు. ఆఖరి కీమో అయి పద్దెనిమిది రోజులైంది. పడవలో అన్నిసార్లూ వాంతులు చేసుకుంది, అన్నిసార్లూ నన్ను బూతులు తిట్టింది.

నేను కత్తితో ముక్కని మధ్యకి చీల్చి చూపించాను. ఆమె కళ్ళార్పకుండా చూసింది. ఫార్మలిన్ డబ్బాలో పడ్డాక మూత తనే బిగించి, మూత మీద వేలిముద్ర వేసింది.

బయటికి వచ్చింది: పదీ పన్నెండు. మందులో పడింది: పదీ పద్దెనిమిది. సాక్షి: దేముడమ్మ.

ఎంట్రీ 74.

మంగతాయికి మూడో గ్రేడు. కీమో ఉంటుంది. చీటీ విని ఆమె గోడకి ఆనుకుని అలాగే జారి కూర్చుండిపోయింది. మూడు వచ్చినవాళ్ళకి ఇక్కడ ఎవరూ బెల్లం పెట్టరు. పంచడానికి వాళ్ళ దగ్గరా ఉండదు. వరుసలో వాళ్ళంతా మొహాలు తిప్పేసుకున్నారు.

దేముడమ్మ కొంగు ముడి విప్పింది. తాటిబెల్లం ఒక ముక్క విరిచి మంగతాయి చేతిలో పెట్టింది.

"మూడే. కాదన్ను. కానీ నిజం మూడు. నాకయితే ముందు అబద్ధం రెండు సెప్పేరు. తిను, తల్లీ. తిని లెగు, నీ పేరు ఎక్కించాల."